ఖాళీ బోనుతో 14 రోజులు: ఒక కుటుంబం తన స్తోమతకూ తీరికకూ తగిన పెంపుడు జీవిని ఎంచుకున్న తీరు

చిన్న జంతువులకూ పక్షులకూ చేపలకూ వైద్యం చేసే పశువైద్యురాలిని నేను. నా దగ్గరికి వచ్చే రోగాల మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళితే, చాలాసార్లు ఆ జీవిని ఇంటికి తెచ్చుకున్న రోజు దగ్గర ఆగవలసి వస్తుంది. విటమిన్ సి అందక కీళ్లు వాచి కదలలేకపోతున్న గినీ పిగ్, ఏళ్ల తరబడి గింజలు మాత్రమే తిని కాలేయానికి కొవ్వు పట్టిన బడ్జీ చిలుక, తగిన కాంతీ కాల్షియమూ లేక డిప్ప మెత్తబడిన తాబేలు వంటి వాటిని ఒడిలో పెట్టుకుని వచ్చేవాళ్లలో దయ లేనివాళ్లను నేను దాదాపు చూడలేదు. ఆ జీవికి రోజూ ఏం కావాలో తెచ్చుకునే రోజున ఎవరూ వాళ్లకు చెప్పలేదు, వాళ్లకు అడగాలని తోచలేదు. అందుకే కొంతకాలంగా, జీవిని కొనకముందే కుటుంబంతో కూర్చుని మాట్లాడే సలహా సమావేశాలు నిర్వహిస్తున్నాను. ఇక్కడ వివరిస్తున్న కేసును ఎంచుకోవడానికి కారణం ఒకటే: ఇందులో నేను మొదట ఇచ్చిన సలహా తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా బయటపడిందో రాసి పెడితే ఇదే పని చేసే తోటివారికీ, ఇంట్లో పిల్లల కోరికకు జవాబు వెతుకుతున్న తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను. కుటుంబాన్ని గుర్తించే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

కుటుంబం, వారి కోరిక

తల్లి పగటి ఉద్యోగం చేస్తారు. తండ్రిది షిఫ్టుల పని. నెలలో సగం రోజులు రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోతారు. తొమ్మిదేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు, వారితో పాటే ఉండే అమ్మమ్మ. మొదటి సమావేశానికి తల్లిదండ్రులూ పాపా మాత్రమే వచ్చారు. స్నేహితురాలి ఇంట్లో కుందేలును చూసినప్పటి నుంచి పాప అదే కావాలంటోంది. తల్లిదండ్రులకు రెండు షరతులు ఉన్నాయి. నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకున్నారు, అది దాటకూడదు. రోజుకు అరగంటకు మించి పని ఉండకూడదు. చేపల పేరు ఎత్తగానే మాత్రం తండ్రి తల అడ్డంగా ఊపారు. రెండేళ్ల క్రితం పాప పుట్టినరోజుకు గాజు గిన్నెలో ఒక గోల్డ్ ఫిష్ తెచ్చారట. అది మూడు వారాలకే చనిపోయింది, పాప రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "చేపలు మరీ సున్నితం డాక్టరు గారూ, అవి మాకు వద్దు" అన్నారాయన. నేను ఆ మాటను రాసుకుని, పట్టికలోంచి చేపలను కొట్టేశాను. ఆ గోల్డ్ ఫిష్ ఎందుకు చనిపోయిందని ఆ రోజు ఆయనను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

డబ్బు లెక్క

బడ్జెట్ గురించి మాట్లాడేటప్పుడు నేను ఎప్పుడూ మూడు సంచులు వేరుగా కట్టమని చెబుతాను. మొదటిది, జీవి రాకముందే పెట్టవలసిన ఖర్చు: బోను లేదా తొట్టె, బోను అడుగున పరిచే పరుపు, నీటి సీసా, ఫిల్టరు వంటివి. రెండోది నెలనెలా అయ్యే ఖర్చు. మూడోది ఒక్క జబ్బు ఖర్చు, అంటే ఆ జాతికి సాధారణంగా వచ్చే జబ్బుల్లో ఒకటి వస్తే పరీక్షలకూ మందులకూ అవసరమైతే ఆపరేషన్‌కూ చాలేంత మొత్తం. జీవిని కొనే ధర ఈ మూడింటి పక్కన దాదాపు ఎప్పుడూ చాలా చిన్నది, పైగా ధర తక్కువని తెచ్చుకున్న జీవికి వైద్యం చౌకగా జరగదు. అరచేతిలో ఇమిడే జంతువుకు మత్తు ఇవ్వడం పెద్ద జంతువుకు ఇవ్వడం కన్నా ఎక్కువ జాగ్రత్త కోరే పని. అందుకే తల్లిదండ్రులను ఒక ప్రశ్న సూటిగా అడుగుతాను: కొన్న ధరకు పదింతలు వైద్యానికి అవసరమైతే పెడతారా? ఈ ప్రశ్నకు తడుముకోవడం తప్పు కాదు. జీవి ఇంట్లో బాధపడుతుండగా తడుముకోవడం కన్నా ముందే తడుముకోవడం ఎంతో మేలు.

ఈ లెక్కతో కుందేలు మొదటి సమావేశంలోనే తేలిపోయింది. కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. అంటే పాప చదువుకోసం ఇల్లు విడిచి వెళ్లే వయసు వచ్చేదాకా ఉంటుంది. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక రోజంతా ఎండుగడ్డి అందుబాటులో ఉండాలి. ఆడ కుందేలుకు గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించకపోతే వయసు పెరిగేకొద్దీ అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. అర రోజు మేత ముట్టకపోతే పేగుల కదలిక ఆగిందేమోనని అత్యవసరంగా వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. పైగా చాలా కుందేళ్లకు ఎత్తుకోవడమంటే భయం, గింజుకుని దూకి వెన్నెముక విరగ్గొట్టుకున్నవాటిని నేనే చూశాను. వాళ్ల మొదటి సంచి సరిపోయేదే కానీ రెండోదీ మూడోదీ చాలవు. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లల ముందు ఈ మాట చెప్పడం నాకు ఏనాడూ తేలిక కాలేదు.

గినీ పిగ్‌లు పగలు మెలకువగా ఉంటాయి, మచ్చికవుతాయి, కొరకడం అరుదు. అయితే ఒంటరిగా ఉంచకూడదు, కనీసం రెండు కావాలి. మనుషుల లాగే వాటి శరీరం కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు, కాబట్టి అది రోజూ మేతలో అందాలి. సంచీ తెరిచి నెలల తరబడి ఉంచిన గుళికల మేతలో ఆ విటమిన్ నిలవదు. రెండు ప్రాణులు, రెట్టింపు గడ్డి, రోజువారీ శుభ్రత అనగానే తల్లి వద్దన్నారు. బడ్జీ చిలుకలు పగలంతా కిలకిలలాడుతూనే ఉంటాయి, పగలు నిద్రపోవలసిన తండ్రి ఉన్న ఇంటికి అవి నప్పవు. తాబేలు పిల్లల సంగతి ఇంకా త్వరగా తేలింది: ఐదేళ్లలోపు పిల్లవాడు ఉన్న ఇంట్లో సాల్మొనెల్లా (విరేచనాలూ జ్వరమూ తెచ్చే బ్యాక్టీరియా) సోకే ప్రమాదం ఉన్న జీవిని నేను సిఫారసు చేయను, పైగా నాణెమంత ఉన్నప్పుడు అమ్మే ఎర్రచెవి తాబేలు పళ్లెమంత పెరిగి ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది.

నేను ఇచ్చిన మొదటి సలహా

మిగిలింది సిరియన్ హామ్‌స్టర్, ఎలుకను పోలిన చిన్న పెంపుడు జంతువు. కాగితం మీద అది అన్ని విధాలా సరిపోయింది. ఒంటరిగానే పెంచాలి, పెద్దయ్యాక రెండింటిని కలిపితే కొట్టుకుంటాయి. మేత చాలా కొద్దిగా సరిపోతుంది. ఆయుష్షు రెండు నుంచి మూడేళ్లు కనుక ఎక్కువ కాలం మాట ఇచ్చినట్టు కాదు. చిన్న రంగుల ప్లాస్టిక్ బోను కాకుండా మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న బోనూ, తవ్వుకోవడానికి జానెడు లోతు పరుపూ, వెన్ను వంగకుండా పరుగెత్తగలిగేంత పెద్ద చక్రమూ కావాలని చెప్పాను. రోజుకు పని పదిహేను ఇరవై నిమిషాలు. వాళ్లు అనుకున్న అరగంటలో అది హాయిగా ఇమిడింది.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. నిమిషాలను లెక్కపెట్టాను గానీ, ఆ నిమిషాలు రోజులో ఏ గంటకు దొరుకుతాయో చూడలేదు. అదృష్టవశాత్తూ, కొనడానికి ముందు నేను అందరికీ ఇచ్చే ఒక పని ఆ పొరపాటును ఆపింది. ఖాళీ బోనును ఇంట్లో పెట్టుకుని, లోపల జీవి ఉన్నట్టే 14 రోజులు అన్ని పనులూ చేసి, ఏ పని ఎవరు ఏ సమయానికి చేశారో ఒక నోటు పుస్తకంలో రాయమంటాను. బోను మా ఆస్పత్రి నుంచే అరువు ఇస్తాను. నీళ్లు మార్చాలి, మేత గిన్నె నింపి మర్నాడు పారబోయాలి, పరుపులో ఒక మూల తీసి కొత్తది వేయాలి, ఆ జీవి మెలకువగా ఉండే వేళ పక్కన పది నిమిషాలు కూర్చోవాలి. లోపల ఏమీ లేకపోయినా కూర్చోవాలి. ఇది వింతగా అనిపించవచ్చు, కానీ మాటల్లో బయటపడని విషయాలు ఈ పుస్తకాల్లో బయటపడతాయి.

పుస్తకం చెప్పినది

రెండు వారాల తర్వాత వచ్చిన పుస్తకంలో, పనులు ఎవరూ గుర్తు చేయకుండా వేళకు జరిగినవి 8 రోజులు. అమ్మమ్మ గుర్తు చేశాక జరిగినవి 5 రోజులు. ఒక రోజు అసలు జరగలేదు: తండ్రి షిఫ్టు మారింది, తల్లి ఆలస్యంగా వచ్చారు, పాపకు జ్వరం. తొమ్మిదేళ్ల పిల్లకు ఇది మంచి ఫలితమే. నన్ను ఆపింది వేరే వరుస. పక్కన కూర్చునే పని రాత్రి తొమ్మిదింటికి పెట్టుకోమన్నాను, ఎందుకంటే హామ్‌స్టర్ చీకటి పడ్డాకే లేచి తిరుగుతుంది. 14 రాత్రుల్లో 11 రాత్రులు ఆ గడిలో "నిద్రపోయాను" అని రాసి ఉంది. పాప బడి నుంచి నాలుగింటికి వస్తుంది, ఎనిమిదిన్నరకు నిద్రపోతుంది. ఆ మధ్య సమయమంతా హామ్‌స్టర్ గాఢనిద్రలో ఉంటుంది. ఇలాంటి ఇళ్లలో ఏమవుతుందో నేను ఎన్నోసార్లు చూశాను. పిల్లలు ఆగలేక నిద్రపోతున్నదాన్ని గూట్లోంచి తీస్తారు, అది బెదిరి కొరుకుతుంది, కొరికిన తర్వాత భయంతో ఎవరూ తీయరు, రెండు నెలలకు దాని పని అంతా విసుగుతో పెద్దవాళ్లు చేస్తూ ఉంటారు. తక్కిన రెండేళ్లు అది గదిమూలలో మిగిలిపోతుంది.

ఇంకో విషయమూ ఉంది. బోను తలుపు మూడుసార్లు తెరిచి ఉన్నట్టు అమ్మమ్మ చేతిరాతతో నమోదై ఉంది. తెరిచింది నాలుగేళ్ల బాబు. ఆ వయసు పిల్లవాడి గుప్పెట్లో హామ్‌స్టర్ క్షేమంగా ఉండదు, పిల్లవాడి వేలూ క్షేమంగా ఉండదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆ పుస్తకం అంచుల్లో పాప పెన్సిలుతో రాసుకున్న మాటలు. "ఈ రోజు చీమలు కుడి వైపు నుంచి వచ్చాయి." "పిచ్చుక మూడుసార్లు వచ్చింది, మూడోసారి నోట్లో దారం." "చీమలు చక్కెర కన్నా చచ్చిన పురుగును ముందు తీసుకెళ్లాయి." బోను పెట్టిన గది అమ్మమ్మది. ఆ కిటికీ దగ్గర పాప రోజూ సాయంత్రం కూర్చుంటుందని ఆ వాక్యాలే చెబుతున్నాయి. పిల్లలు జంతువు కావాలంటే తాకడానికీ ఎత్తుకోవడానికీ అని మనం అనుకుంటాం. ఈ పిల్లకు చూడడం ఇష్టం. మొదటి రోజు నేను ఆమెను "ఏ జంతువు కావాలి?" అని అడిగాను. "దానితో ఏం చేస్తావు?" అని అడగవలసింది.

రెండో సమావేశం

ఈసారి అమ్మమ్మను కూడా తీసుకురమ్మన్నాను. ఇంట్లో పగలంతా ఉండేది, పుస్తకంలో 5 రోజుల పని జరిపించింది ఆవిడే అయినా, మొదటిసారి ఆవిడ అభిప్రాయం మేమెవరమూ అడగలేదు. మోకాళ్ల నొప్పుల వల్ల నెమ్మదిగా వచ్చి కూర్చున్నారు.

"అమ్మా, ఏ జీవి వచ్చినా పగటిపూట దాన్ని చూసేది మీరే. మీకు ఏది చేయగలననిపిస్తుంది, ఏది కష్టమనిపిస్తుంది?" అని అడిగాను.

"వంగి ఊడ్చడాలూ తుడవడాలూ నా వల్ల కాదు డాక్టరు గారూ. కూర్చున్నచోటి నుంచి కనిపెట్టుకుని ఉండమంటే రోజంతా ఉంటాను. మందుబిళ్లలు వేళకు వేసుకుంటున్నాను కదా, దానికీ వేళకు మేత వేస్తాను" అన్నారావిడ.

అప్పుడు తండ్రిని ఆ గోల్డ్ ఫిష్ గురించి వివరంగా అడిగాను. నాలుగు లీటర్ల గాజు గిన్నె, ఫిల్టరు లేదు. నీళ్లు మసకబారినప్పుడల్లా చేపను తీసి, గిన్నె కడిగి, కుళాయి నీళ్లు నింపేవారు. రోజుకు మూడుసార్లు మేత. ఆ చేప చనిపోవడానికి చేపల సున్నితత్వం కారణం కాదు. గోల్డ్ ఫిష్ తగిన తొట్టెలో పదేళ్లు దాటి బతుకుతుంది, జానెడుకు పైగా పెరుగుతుంది.

చేప మొప్పల నుంచి ఎప్పుడూ అమ్మోనియా విడుదలవుతుంది, మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. స్థిరపడిన తొట్టెలో ఫిల్టరు స్పాంజిని పట్టుకుని పెరిగే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ కొద్ది మోతాదులోనే విషం, మూడోది చాలావరకు నిరపాయకరం, వారానికోసారి కొంత నీరు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గాజు గిన్నెలో వాటికి నిలవడానికి చోటే లేదు, ఉన్న కాసిన్నీ ప్రతిసారీ కడుగుడులో పోయాయి, వాటితో పాటు కుళాయి నీటిలోని క్లోరిన్ చేప మొప్పలను కాల్చింది. ఆ ఇంట్లో శుభ్రతకు లోటేమీ లేదు. వాళ్లు పడిన శ్రద్ధ అంతా తప్పు వైపు సాగింది. ఇది చెప్పినప్పుడు తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఈసారి సరిగ్గా చేద్దాం" అన్నారు.

ఎంపిక, ఏర్పాటు

మేము ఎంచుకున్నది 60 లీటర్ల తొట్టె, అందులో ఆరు జీబ్రా డానియోలు. ఇవి మనిషి వేలిలో సగం పొడవు పెరిగే చారల చేపలు. గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి కనుక ఆరుకు తగ్గకూడదు. గది ఉష్ణోగ్రత 18 నుంచి 25 డిగ్రీల మధ్య నిలిచే ఇంట్లో వీటికి హీటరు అక్కర్లేదు, అందువల్ల ఒక పరికరం ఖర్చు తగ్గింది. మూడు నాలుగేళ్లు బతుకుతాయి. రోజంతా, ముఖ్యంగా పాప ఇంట్లో ఉండే సాయంత్రం వేళ, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి కాబట్టి, పుస్తకంలోని ఆ ఖాళీ రోజు వంటిది వచ్చినా ప్రాణానికి ముప్పు లేదు. నేను ఈ చివరి విషయానికి చాలా విలువ ఇస్తాను. మంచి వారంలో ఏ జీవినైనా చూసుకోగలం. ఇంట్లో ఒకరికి జ్వరమూ మరొకరికి అదనపు డ్యూటీ వచ్చిన వారంలో చూసుకోగలిగినదే మనకు తగిన జీవి.

గిన్నె చిన్నదైతే పని తక్కువని చాలామంది అనుకుంటారు. వాస్తవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీరు ఎక్కువగా ఉంటే వేడీ, విషాల మోతాదూ నెమ్మదిగా మారతాయి, మనిషి గమనించి సరిదిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అయితే నీరు, గాజు, గులకరాళ్లు, స్టాండు కలిపితే 60 లీటర్ల తొట్టె బరువు 80 కిలోల దాకా వస్తుంది కనుక అల్మారా మీదో చెక్క బల్ల మీదో పెట్టకుండా, దానికోసమే చేసిన స్టాండు కొనమన్నాను. ఎండ నేరుగా పడితే నాచు పడుతుందని కిటికీకి ఎదురుగా కాక పక్క గోడకు, అమ్మమ్మ కుర్చీలో కూర్చుంటే కళ్లకు ఎదురుగా ఉండే ఎత్తులో పెట్టారు. గాలి పంపు రొద తండ్రి నిద్రకు అడ్డం కాకుండా నీటిలోపలే మునిగి ఉండే ఫిల్టరు తీసుకున్నారు. డానియోలు ఎగిరి బయట పడగలవు కాబట్టి మూత తప్పనిసరి, నాలుగేళ్ల బాబు వల్ల ఆ మూతకు గొళ్లెం కూడా తప్పనిసరి.

ఖర్చు విషయంలో కొంత ఓర్పు కావలసి వచ్చింది. మొదటి సంచి వాళ్లు నెలకు అనుకున్న మొత్తానికి దాదాపు ఏడింతలైంది. అందుకని తొట్టెనూ స్టాండునూ వాడినవి తీసుకుని, చదునైన నేల మీద రెండు రోజులు నీళ్లు నింపి ఉంచి కారడం లేదని చూసుకున్నారు. ఫిల్టరు, క్లోరిన్ తొలగించే ద్రవం, నీటి పరీక్షల కిట్ మాత్రం కొత్తవే కొనమని పట్టుబట్టాను. కిట్ అనవసరమని కొందరు అంటారు. నా దృష్టిలో చేపలకన్నా ముందు కొనవలసినది అదే. ఆ తర్వాత నెల ఖర్చు వాళ్లు అనుకున్నదానిలో ఐదో వంతు కూడా కాలేదు. మిగిలినదాన్ని మూడో సంచిలో వేయమన్నాను. తొమ్మిదో నెలలో ఫిల్టరు మోటారు ఆగినప్పుడు అదే ఆదుకుంది.

చేపలు లేని 36 రోజులు

తొట్టె నింపి, ఫిల్టరు నడిపించి, అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో నీటిలో అమ్మోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాములకు తెచ్చాం. ఒక్క చేప లేకుండానే బ్యాక్టీరియాకు ఆహారం అందించే పద్ధతి ఇది. కొందరు చేపలనే ముందు వేసి వాటి విసర్జనతో తొట్టెను స్థిరపరుస్తారు. ఆ వారాలన్నీ చేప విషంలో బతకవలసి వస్తుంది కనుక నేను ఆ పద్ధతిని ఒప్పుకోను. రోజు విడిచి రోజు పరీక్ష చేయడం పాప పని, సీసాలు ఇవ్వడమూ చుక్కలు లెక్కించడమూ అమ్మమ్మ పని. ఆ కిట్‌లో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ వస్తుంది. నైట్రైట్ లేకపోతే లేత నీలం, ఉంటే ఊదా. పాప అంకెలతో పాటు ఆ రంగులను కూడా క్రేయాన్లతో పుస్తకంలో వేసింది.

12వ రోజుకు అమ్మోనియా తగ్గడం మొదలైంది. ఆ వెంటనే నైట్రైట్ పెరిగి రెండు వారాల పాటు ముదురు ఊదా రంగులోనే ఉండిపోయింది. 20వ రోజున తల్లి ఫోను చేసి, పాప ఇక ఆగలేకపోతోందని, రెండు చేపలైనా వేయవచ్చా అని అడిగారు. వద్దన్నాను. నైట్రైట్ చేప రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుందని, రక్తం గోధుమ రంగుకు మారి, నీటిలో గాలి ఉన్నా చేప ఊపిరాడక చనిపోతుందని పాపకే ఫోనులో చెప్పాను. మళ్లీ అడగలేదు. 36వ రోజున, ముందు రోజు వేసిన 2 మిల్లీగ్రాముల అమ్మోనియా 24 గంటల్లో పూర్తిగా మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపింది. నీటిలో చాలా భాగం మార్చి, పేరుకున్న నైట్రేట్‌ను తగ్గించి, మర్నాడు చేపలను తెచ్చారు. ఖాళీ బోను పరీక్ష తర్వాత వచ్చిన ఈ ఖాళీ తొట్టె కాలాన్ని నేను ఏర్పాటులో భాగంగానే కాక రెండో పరీక్షగా కూడా చూశాను, కుటుంబం రెండింటిలోనూ నిలిచింది.

రోజువారీ పని ఇలా స్థిరపడింది. ఉదయం అమ్మమ్మ చేపలను లెక్కపెడతారు, సాయంత్రం పాప మేత వేస్తుంది. ఆదివారం తండ్రి పావు వంతు నీరు తీసి, క్లోరిన్ తొలగించి, అంతే వెచ్చదనం ఉన్న నీరు పోస్తారు. నెలకోసారి స్పాంజిని ఆ తీసిన నీటిలోనే పిండుతారు. కుళాయి కింద కడిగితే బ్యాక్టీరియా చస్తుంది. వారం మొత్తం మీద పని గంటన్నర దాటదు, ఎక్కువ భాగం పెద్దవాళ్లదే.

మూడో నెలలో జరిగినది

ఒక ఉదయం అమ్మమ్మ ఫోను చేశారు. చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, నీళ్లు తెల్లగా ఉన్నాయి, అడుగున మేత కుప్పగా ఉంది. ముందు రాత్రి పాప మేత వేశాక గొళ్లెం పెట్టడం మరిచిపోయింది, బాబు కుర్చీ ఎక్కి డబ్బా మొత్తం ఒంపాడు. పరీక్షలో అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) 7.8. అమ్మోనియా విషతీవ్రత పీహెచ్‌తో పాటు పెరుగుతుంది: 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో అర శాతం పైచిలుకు మాత్రమే విషరూపంలో ఉంటే, పీహెచ్ 8 దగ్గర అది 5 శాతం దాటుతుంది. అంటే ఒకే అంకె ఒక తొట్టెలో హెచ్చరిక, ఇంకో తొట్టెలో ప్రమాదం. మిగిలిన మేతను గొట్టంతో లాగేసి, సగం నీరు వెంటనే, మళ్లీ సాయంత్రం సగం మార్చమన్నాను. రెండు రోజులు మేత నిలిపేశాం. మూడో రోజుకు అమ్మోనియా సున్నాకు వచ్చింది. ఒక చేప మాత్రం ఆ మొదటి రాత్రే చనిపోయింది.

పాప తన వల్లే జరిగిందని ఏడ్చింది. గొళ్లెం ఒక తొమ్మిదేళ్ల పిల్ల జ్ఞాపకం మీద ఆధారపడి ఉండడమే మా ఏర్పాటులోని లోపమని, ఆ లోపం పెద్దవాళ్లది, అందులో నాకూ వాటా ఉందని చెప్పాను. పరిష్కారం అమ్మమ్మే కనిపెట్టారు. ఆవిడ మందుబిళ్లలు పెట్టుకునే ఏడు గడుల డబ్బా వంటిదే ఇంకొకటి తెప్పించి, ఆదివారం నాడు ఒక్కొక్క గడిలో ఒక్కొక్క చిటికెడు మేత వేయించి, పెద్ద డబ్బాను పై అరలోకి మార్చారు. రోజుకు ఒక గడి. గడి ఖాళీ అయితే ఆ రోజు మేత అయిపోయినట్టే, ఇద్దరు వేరువేరుగా రెండుసార్లు వేయడం కూడా దానితో ఆగిపోయింది. చేపలున్న ప్రతి ఇంటికీ ఇప్పుడు నేను ఇదే చెబుతున్నాను.

14వ నెలలో

ఇటీవల చివరిసారి వచ్చినప్పుడు ఐదు చేపలూ ఆరోగ్యంగా ఉన్నట్టు పాప పుస్తకం చూపించింది. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల దగ్గర నిలకడగా ఉంది. తెల్లవారగానే లైటు పడిన అరగంటలో ఒక సన్నని చేప లావుపాటి చేపను తరమడం, ఆ తర్వాత అన్నీ కలిసి గులకరాళ్ల మధ్య వెతకడం ఆమె వరుసగా నాలుగు రోజులు గమనించి రాసింది. మగ చేప ఆడదాన్ని తరుముతుందని, గుడ్లు రాలగానే వాటిని అవే తినేస్తాయని నేను చెప్పకముందే సగం ఊహించింది. కుందేలు ఊసు ఇప్పుడు లేదని తల్లి అన్నారు.

వాళ్లు అడగడానికి వచ్చిన ప్రశ్న వేరు. గుంపు ఐదుకు తగ్గింది కనుక కొత్తవి చేర్చాలా? రెండు చేర్చమన్నాను, అయితే నేరుగా తొట్టెలో వేయకుండా, స్థిరపడిన స్పాంజి ముక్క పెట్టిన వేరే ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు వారాలు విడిగా ఉంచి, మచ్చలూ పుండ్లూ బక్కచిక్కడమూ లేవని చూశాకే కలపాలని చెప్పాను. "మళ్లీ నాలుగు వారాలా?" అంది పాప. అంటూనే పుస్తకంలో కొత్త పేజీ తిప్పి 28 గళ్లు గీయడం మొదలుపెట్టింది.